బల్ల క్రింద చోటు



ఈ వారం ధ్యానం వెనుక ఒక అవసరత ఉంది. దాన్ని ముందే చెప్పేస్తాము. నగరం అంచున ఉన్న ఒక కుక్కల షెల్టర్‌లో, 41వ నంబరు బోనులో, రెండేళ్ల ఆడకుక్క ఒకటి ఉంది. ఈ నెలాఖరులోపు దానికి ఒక ఇల్లు దొరకాలి. దొరకకపోతే దాన్ని ఇంకా పెద్ద దొడ్డికి, ఒకే ఆవరణలో పదులకొద్దీ కుక్కలుండే చోటికి మారుస్తారు. అక్కడ భయపడే కుక్క బ్రతకడం కష్టమని దాన్ని చూసుకునే తమ్ముడే మాతో చెప్పాడు. ఆ తమ్ముడు మన యౌవనస్థుల కూడికకు వచ్చేవాడే. ఆదివారం ఆరాధన తర్వాత బస్సెక్కి వెళ్లి ఆ షెల్టర్‌లో సేవ చేసి వస్తుంటాడు.

"అయ్యగారూ, మనుషులకే ఇండ్లు లేవు, కుక్కకు ఇల్లు అడుగుతున్నరా?" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఆ ప్రశ్న తప్పు కాదు. దయచేసి చివరివరకు చదివి, ఆ తర్వాత మీ మనస్సాక్షి ఏమి చెబుతుందో వినండి.

ఈ కుక్క పుట్టి పెరిగింది ఒక బస్టాండులో. టీ కొట్టు బల్ల క్రింద పడుకునేది. డ్రైవర్లు, కండక్టర్లు వేసే బ్రెడ్డు ముక్కలు, ఇడ్లీ ముక్కలు తినేది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండులు, రైల్వే స్టేషన్ల నుండి వీధికుక్కలను తొలగించి, కుటుంబనియంత్రణ ఆపరేషను చేసి, టీకాలు వేసి, షెల్టర్లకు తరలించాలని, మళ్లీ అదే చోట వదలకూడదని చెప్పింది. అంతకుముందు 2023 నాటి నిబంధనల ప్రకారం ఆపరేషను, టీకా అయిన కుక్కను పట్టుకున్న చోటనే వదిలేవారు. ఇప్పుడు ఆ స్థలాల కుక్కలకు తిరిగివెళ్లే దారి లేదు. కోర్టు పిల్లల ప్రాణాలను, ప్రయాణికుల క్షేమాన్ని చూసి ఆ మాట చెప్పింది. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు కుక్కల దాడిలో చనిపోయిన సంగతి మనలో ఎవరమూ మరువలేదు. ఆ ఆదివారం మన గుడిలో ఆ తల్లిదండ్రుల కొరకు ప్రార్థించాము.

అయితే ఆదేశం కాగితం మీద రావడానికి ఒక రోజు చాలు. బోనులు కట్టడానికి, మనుషులను పెట్టడానికి చాలా కాలం పడుతుంది. కుక్కలు వచ్చినంత త్వరగా స్థలం రాలేదు. 41వ నంబరు కుక్క పరిస్థితి అదే.

షెల్టర్‌లో దానికి తిండి ఉంది, నీళ్లున్నాయి, నెత్తిమీద రేకు కప్పు ఉంది. చెవి కొనను చిన్నగా కత్తిరించారు. అది ఆపరేషను అయిందనే గుర్తు. రేబిస్ టీకా పడింది. అయినా ఆ కుక్క చిక్కిపోతోంది. ఎందుకంటే రాత్రింబగళ్లు నాలుగు దిక్కులా మొరుగుడే. రేకు చప్పుడు, బకెట్ల చప్పుడు, తెలియని మనుషుల వాసన. అది బోనులో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. జాలీకి ముక్కు రాసి రాసి తోలు లేచిపోయింది. ముందరి కాలును నాకి నాకి పుండు చేసుకుంది. పగలు ముద్ద ముట్టదు. ఎవరైనా దగ్గరికి వస్తే జాలీ మీదికి ఎగిరి మొరుగుతుంది. చూడవచ్చినవారు "అమ్మో, ఇది కరిచే కుక్క" అని ప్రక్క బోనులోని బొచ్చుకుక్కపిల్ల దగ్గరికి వెళ్లిపోతారు.

కుక్కలతో పనిచేసేవారు ఒక మాట చెబుతారు. తోక కాళ్ల మధ్యకు ముడుచుకొని, చెవులు వెనక్కి వేసి, పెదవులు నాకుతూ, నిద్ర రాకపోయినా ఆవులిస్తూ మొరిగే కుక్క సాధారణంగా భయంతో మొరుగుతుంది. పారిపోవడానికి దారి లేనప్పుడు భయం పైకి కోపంలాగే కనిపిస్తుంది. మనుషుల్లో కూడా ఇది మనకు తెలియనిది కాదు. ఆసుపత్రి మంచం మీద నర్సమ్మల మీద కేకలు వేసే తాతను, అప్పులవాళ్లు వచ్చి పోయాక భార్యమీద అరిచే రైతును మీరూ చూశారు, మేమూ చూశాము.

పరిశుద్ధ గ్రంథంలో కుక్కకు గౌరవం చాలా తక్కువ. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో దుష్టులను కుక్కలతో పోల్చాడు. ప్రకటన గ్రంథం చివర కుక్కలు పట్టణం వెలుపలే ఉన్నాయి. మనం ఇంకొకటి ఉన్నట్టు చెప్పకూడదు. కాని అదే గ్రంథంలో యోబు తన మందను కాచే కుక్కలను గురించి మాట్లాడాడు. యెషయా ప్రవక్త తన కాలపు కాపరులను మొరగలేని మూగ కుక్కలని గద్దించాడు. మొరగడం కుక్క చేయవలసిన పని అని ప్రవక్తకు తెలుసు. మన మెదక్ జిల్లాలో గొర్రెలు కాచే గొల్లకురుమ సోదరులకు కూడా తెలుసు. రాత్రి మంద చుట్టూ తిరిగి మొరిగే కుక్కకు వాళ్లు తమ అంబలిలోనే భాగం పెడతారు.

అన్నింటికంటే మా మనస్సులో నిలిచింది మత్తయి 15వ అధ్యాయం. తూరు సీదోను ప్రాంతంలో కనాను స్త్రీ తన బిడ్డ కొరకు ప్రభువును వేడుకొన్న సందర్భం. యజమానుని బల్లమీద నుండి పడే ముక్కల మాట ఆమె నోటనే వచ్చింది. ఈ భాగాన్ని మేము ఎన్నోసార్లు ప్రసంగించాము, ఆమె విశ్వాసాన్ని గురించి చెప్పాము. గ్రీకులో అక్కడ వాడిన మాటకు చిన్న కుక్క, ఇంట్లో తిరిగే కుక్క అనే అర్థముందని పండితులు వివరిస్తారు. అంటే ఆ మాటలో ముందు ఒక ఇల్లు ఉంది. ఇంట్లో బల్ల ఉంది. బల్ల చుట్టూ పిల్లలున్నారు. క్రింద కుక్కకు చోటుంది. ముక్కలు ఆ తర్వాతనే వచ్చాయి.

మనం మెతుకు సీమవాళ్లం. మెతుకు అనే మాట నుండే మెదక్ వచ్చిందని పెద్దలు చెబుతారు. మెతుకు విలువ మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. బోనులో ఉన్న కుక్కకు కూడా గిన్నెనిండా మెతుకులున్నాయి. దానికి లేనిది బల్ల క్రింద చోటు.

పోయిన నెలలో షెల్టర్‌వారు అడిగితే మేము దాన్ని నాలుగు రాత్రులకు మా బంగ్లాకు తెచ్చుకున్నాము. ఆ సంగతి తెలిసి మన సంఘంలోని ఒక చెల్లెమ్మ వరండాలో నిలబడి మమ్మల్ని నిలదీసింది. ఆమె కొడుకును పోయిన ఏడాది బడికి పోయే దారిలో ఒక వీధికుక్క పిక్కమీద కరిచింది.

"అయ్యగారూ, అమ్మగారూ, మీరంటె మాకు గౌరవమే. గని నా కొడుకును పట్టి పీకిన జాతిని మీరు ఇంట్లకు తెచ్చుకుంటరా? వాడు ఇప్పటికి సుత మొరుగుడు ఇంటె మంచం కిందికి దూరుతడు" అన్నది.

ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాము. ఆమె కన్నీళ్లకు ఎదురు వాదన పెట్టలేదు, పెట్టకూడదు కూడా. ఆ రోజు ఆ తల్లి చేసిన పని మీకందరికీ చెప్పాలని ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము. బిడ్డను కుళాయి దగ్గరికి తీసుకుపోయి సబ్బుతో పదిహేను నిమిషాలు గాయం కడిగింది. ఇరుగుపొరుగువారు పసుపు, కారం, సున్నం అన్నా వినకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు వ్రాసిచ్చిన తేదీలన్నింటికీ, ఒక్కటి కూడా వదలకుండా సూదులు వేయించింది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ఇక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కాని కరిచిన వెంటనే ఈ పనులు చేస్తే ఆ జబ్బు రాకుండా ఆపవచ్చు. 1885 జూలైలో లూయీ పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలునికి మొదటిసారి ఈ టీకా ఇచ్చిన నాటి నుండి దేవుడు మనుష్యులకు ఇచ్చిన మేలు ఇది. మనుషులకు రేబిస్ నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కుక్కల నుండే వస్తుందని, ఒక ప్రాంతంలో నూటికి డెబ్బై కుక్కలకు టీకా పడితే ఆ జబ్బు పాకడం ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి కుక్కను దయగా చూడడం, మన పిల్లలను కాపాడుకోవడం రెండు వేర్వేరు పనులు కావు. టీకా పడి, ఒక ఇంటిని అంటిపెట్టుకొని ఉన్న కుక్కను చూసి ఆ వీధివారు భయపడనక్కరలేదు.

ఆ చెల్లెమ్మ వెళ్లేముందు కిటికీలోంచి లోపలికి చూసింది. కుక్క భోజనాల బల్ల క్రింద, గోడకు వీపు ఆనించి, ముక్కు తోక క్రింద పెట్టుకొని ముడుచుకొని ఉంది. బయట మోటారు సైకిలు చప్పుడైతే ఒళ్లంతా వణికింది. ఆమె చాలాసేపు చూసి, "మావోడు సుత గిట్లనే ముడుసుకుంటడు" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు. కుక్కంటే ఆమెకు ఇష్టం పుట్టిందని మేము చెప్పడం లేదు. ఆమె ఇంటికి కుక్కను తెమ్మని ఎవరమూ అడగము. కాని ఆ భయాన్ని ఆమె గుర్తుపట్టింది.

ఆ నాలుగు రాత్రులు ఎలా గడిచాయో చెప్పాలి. మొదటి రోజు అది మంచం క్రిందనుండి బయటికి రాలేదు, ఏమీ తినలేదు. మేము దాన్ని పిలవలేదు, కళ్లలోకి చూడలేదు. ఇంట్లో పనులు చేసుకుంటూ, కుటుంబ ప్రార్థన చేసుకుంటూ దాన్ని దాని మానాన వదిలేశాము. ఆ రాత్రి దీపం ఆర్పాక పెరుగన్నం తిన్న చప్పుడు వినబడింది. రెండవ రాత్రి నిద్రపోయింది. ఉత్త కునుకు కాదు, కాళ్లు కదుపుతూ కలలు కనే నిద్ర. మూడవ రోజు బల్ల క్రిందికి చేరింది. నంబరుతో పిలవడానికి మనసొప్పక "చిట్టీ" అని పిలిచాము. నాలుగవ రోజు ఉదయం మేము వాక్యం చదువుతుంటే వచ్చి మా పాదాల దగ్గర, ఒక జానెడు దూరంలో పడుకుంది. కాలి పుండును ఆ రోజు ఒక్కసారి కూడా నాకలేదు. ఈ నాలుగు రోజుల్లో ఎవరినీ కరవలేదు, కరవబోలేదు.

ఐదవ రోజు తిరిగి అప్పగించాము. మా మామగారికి కిడ్నీల జబ్బు. వారానికి మూడు రోజులు డయాలిసిస్ కోసం హైదరాబాదు తీసుకుపోవాలి. ఆ మూడు రోజులు ఇల్లు తాళం వేసి ఉంటుంది. భయపడిన కుక్కను తాళం వేసిన ఇంట్లో పెట్టడం ఇంకొక బోనులో పెట్టడమే.

"నాలుగు రోజులు ఇల్లు చూపించి మళ్లీ బోనులో వేస్తే దానికి ఇంకా బాధ కాదా?" అని మన స్త్రీల కూడికలో ఒక అక్కయ్య అడిగింది. మంచి ప్రశ్న. దీనిమీద అమెరికాలో లీసా గంటర్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. ఐదు షెల్టర్లలోని 207 కుక్కలను ఒకటి రెండు రాత్రులు ఇండ్లకు పంపి, అవి వెళ్లకముందు, ఇంట్లో ఉన్నప్పుడు, తిరిగి వచ్చాక వాటి మూత్రంలో కార్టిసాల్ ఎంత ఉందో కొలిచారు. ఒళ్లు ఆందోళనలో ఉన్నప్పుడు పెరిగే హార్మోను అది. ఇంట్లో ఉన్న రాత్రుల్లో అది తగ్గింది. తిరిగి వచ్చాక మునుపున్న స్థాయికి చేరింది గాని అంతకంటే పెరగలేదు. అంటే ఆ రెండు రాత్రుల విశ్రాంతి కుక్కకు మేలే చేసింది, హాని చేయలేదు. ఏలీయా బదరీ చెట్టు క్రింద నిద్రపోయినప్పుడు దేవుడు అతనికి మొదట ఇచ్చింది ఉపదేశం కాదు, నిద్ర, రొట్టె, నీళ్లు. అలసిన ప్రాణికి ఏది ముందు కావాలో సృష్టికర్తకు తెలుసు.

పశువులమీద దయ చూపడం సువార్త పనికి సంబంధించింది కాదని కొందరు అనుకుంటారు. 1824లో లండనులో జంతువులపట్ల క్రూరత్వాన్ని ఆపడానికి మొదటి సంఘాన్ని కూడగట్టిన ఆర్థర్ బ్రూమ్ ఒక పాదిరి. ఆ సంఘం అప్పులకు పూచీపడి ఆయన జైలుకు కూడా వెళ్లాడు. బానిసత్వాన్ని రద్దు చేయించడానికి జీవితమంతా పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆ మొదటి కూటంలో ఉన్నాడు. మనుషుల సంకెళ్లకోసం పోరాడినవానికి గుర్రం వీపుమీది దెబ్బలు కూడా కనిపించాయి. మన దగ్గర చూడండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయాన్ని పాస్నెట్ దొరగారు కట్టించినప్పుడు కరువులో ఉన్న జనానికి పని కల్పించి అన్నం పెట్టారని మన తాతలు చెప్పుకొన్నారు. జాలిపడి ఊరుకోకుండా ఒక ఏర్పాటు చేశారు. నిర్గమకాండం 23వ అధ్యాయంలో బరువు క్రింద పడిన గాడిద శత్రువుదైనా సరే, ప్రక్కనుండి పోవద్దని ఆజ్ఞ ఉంది. గాడిదను చూసి అయ్యో అనమని అక్కడ లేదు, చెయ్యి వేసి లేపమని ఉంది.

మన నర్సాపూర్ అడవి దారిలో ఆదివారం వస్తే చూస్తాము. కార్లు ఆపి కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు వేసి ఫోటోలు తీసుకొని వెళ్లిపోతారు. వేసేవారికి సంతోషమే. కోతులు రోడ్డుకు అలవాటుపడి చక్రాల క్రింద పడుతున్నాయి. ప్రేమ ఉంటే చాలదు, ఆ ప్రాణికి ఏది మేలో తెలుసుకోవాలి. కాబట్టి చిట్టి విషయంలో ఎవరు ముందుకు రావాలో, ఎవరు రాకూడదో స్పష్టంగా చెబుతాము.

చంటిపిల్లలు, ఐదారేళ్లలోపు పిల్లలు ఉన్న ఇల్లు దీనికి వద్దు. పిల్లలు ప్రేమతో మీద పడతారు, భయపడిన కుక్క తట్టుకోలేదు. కాపలాకోసం పగలంతా గొలుసుతో కట్టేయాలనుకునేవారు అడగవద్దు. అద్దె ఇంట్లో ఉన్నవారు ముందు ఇంటి యజమాని ఒప్పుకోలు తెచ్చుకోండి. ప్రహరీ గోడగాని గట్టి కంచెగాని ఉండి, పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండే కుటుంబం మంచిది. పిల్లలు పెద్దవారై పట్నం వెళ్లిపోయి, ఇద్దరే మిగిలిన పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మీ ఇంటి నిశ్శబ్దం మీకు బరువుగా ఉందని మాతో చెప్పినవారున్నారు. ఆ నిశ్శబ్దమే ఈ ప్రాణికి మందు.

తెచ్చుకున్నవారికి ఓపిక కావాలి. ఇలాంటి కుక్కకు మూడు రోజులు భయం తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనుకోవడానికి పడుతుందని అనుభవజ్ఞులు ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు చుట్టాలను పిలిచి చూపించకండి, స్నానం చేయించకండి. ఒక మూల పాత దుప్పటి వేసి వదిలేయండి. అన్నంలో గుడ్డో పెరుగో కలిపి పెడితే చాలు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదు. ఉడికిన కోడి ఎముకలు గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి, అవి వద్దు. ఏడాదికొకసారి రేబిస్ టీకా తప్పక వేయించాలి. పశువుల డాక్టరు దగ్గరికి మొదటిసారి తీసుకుపోవడానికి షెల్టర్ తమ్ముడు తోడు వస్తానన్నాడు.

పూర్తిగా పెంచుకోలేనివారు ఒక వారం, పది రోజులు ఉంచుకోగలిగినా ఆ తమ్మునికి చెప్పండి. నెలాఖరు దాటించడానికి ఒకరి తర్వాత ఒకరు నాలుగు ఇండ్లు దొరికినా ఈలోగా శాశ్వతమైన ఇల్లు వెదకవచ్చు. అదీ వీలుకానివారు పాత దుప్పట్లు, శుభ్రమైన గోనెసంచులు ఆదివారం గుడికి తెచ్చి వెనుక బల్లమీద పెట్టండి. ఎండలు ముదరకముందే మీ గేటు బయట ఒక నీళ్ల తొట్టి పెట్టండి. దూరదేశంలో ఉన్న పిల్లలారా, ఊళ్లో ఉన్న మీ అమ్మానాన్నలతో ఈ సంగతి మాట్లాడండి. కాని వారి ఇష్టం లేకుండా కుక్కను బహుమానంగా పంపకండి. సమ్మతి లేని ఇంట్లో అది మళ్లీ వీధినే పడుతుంది.

ఇది వ్రాస్తున్న సమయానికి చిట్టి బోనులోనే ఉంది. ఆ తమ్ముడు రోజూ సాయంత్రం పావుగంట జాలీ ప్రక్కన వీపు తిప్పి కూర్చొని, ఏమీ మాట్లాడకుండా ఉండి వస్తున్నాడు. మెల్లగా వచ్చి అతని వీపు వెనుక పడుకుంటోందట. అంతవరకు మొరగడం లేదట.

ప్రార్థన: దయగల తండ్రీ, పిచ్చుకను కూడా మరువని దేవా, మా పిల్లలను వీధిలో, బడిలో కాపాడుము. గాయపడినవారి భయాన్ని తీసివేయుము. నీవు చేసిన ఈ మూగప్రాణిని జ్ఞాపకము చేసికొనుము. మా సంఘంలో ఎవరి ఇంట చోటుందో వారి హృదయాన్ని నీవే తట్టుము. తట్టినప్పుడు లేచి తలుపు తీసే మనసు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.